సీరియం ఆక్సైడ్ కారు అద్దం గీతలను నిజంగా పోగొడుతుందా? అరుదైన లోహమైతే ఇంత చవకగా ఎలా దొరుకుతోంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ నాన్నగారి పాత కారు ముందు అద్దం మీద వైపర్ గీతలు పడ్డాయి. వాటిని పోగొట్టడానికి సీరియం ఆక్సైడ్ అనే గులాబీ రంగు పొడిని ఆన్‌లైన్‌లో తెప్పించారు. సీరియం అరుదైన మృత్తిక లోహమని తర్వాత చదివారు. అరుదైనదైతే ఇంత తక్కువ ధరకు ఎలా ఇస్తున్నారు, నకిలీ ఇచ్చారా అని అనుమానం వచ్చింది. గాజు కంటే గట్టిదైతే ఉన్న గీతలకు తోడు కొత్త గీతలు పడతాయేమోనని, రేడియోధార్మికత ఉంటుందేమోనని భయం కూడా పట్టుకుంది.

ముందు సూటిగా జవాబు చెబుతాను. గోరుకు తగలని సన్నని గీతలను ఈ పొడి పోగొడుతుంది. గోరు ఆగే గీతలను పోగొట్టదు, వాటి జోలికి వెళ్లకండి. ధర తక్కువగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోనవసరం లేదు, ఎందుకంటే సీరియం పేరుకే అరుదైనది. రేడియోధార్మికత గురించి దిగులు వద్దు. మీరు నిజంగా జాగ్రత్త పడవలసింది దుమ్ము, వేడి అనే రెండు విషయాల్లో.

నేను 27 ఏళ్లుగా హైదరాబాద్‌లో కటకాలు, ప్రిజాలు, దర్పణాలు పాలిష్ చేసే పనిలో ఉన్నాను. ఈ పొడి నా గోళ్ల సందుల్లోంచి ఏనాడూ పూర్తిగా వదలలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇది గాజును గీకదు

అందరూ పొరబడేది ఇక్కడే. పాలిష్ అంటే గట్టి పొడితో మెత్తని వస్తువును అరగదీయడమని అనుకుంటాం. గరుకు కాగితం పనిచేసేది అలాగే. గాజుకు ఆకారం ఇచ్చే మొదటి దశలో మేం చేసేదీ అదే. సిలికాన్ కార్బైడ్ రేణువులు గాజును సన్నసన్నగా పెళ్లలు రేపుతూ తొలుస్తాయి. ఆ దశ అయ్యాక గాజు పాలపొరలా తెల్లగా మసకగా ఉంటుంది. ఆ మసక పోయి గాజు నీళ్లలా తేటపడడానికి జరిగే పని వేరు.

సీరియం ఆక్సైడ్ గట్టిదనం ఇంచుమించు గాజుతో సమానం. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, దానికంటే ఎంతో గట్టిది, వజ్రం తర్వాత చెప్పుకోదగ్గ గట్టి పదార్థాల్లో ఒకటి. గట్టిదనమే ముఖ్యమైతే అల్యూమినాతో గాజు త్వరగా పాలిష్ కావాలి. కానీ మామూలు గాజు మీద సీరియం ఆక్సైడే ముందుంటుంది. కారణం రసాయనికం. గాజు ప్రధానంగా సిలికాన్, ఆక్సిజన్ అల్లిక. నీటి సమక్షంలో ఆ అల్లిక పైపొర కొంచెం మెత్తబడుతుంది. సీరియం ఆక్సైడ్ రేణువు దాన్ని తాకినప్పుడు ఆక్సిజన్ వారధిగా సీరియంకూ సిలికాన్‌కూ మధ్య బంధం ఏర్పడుతుంది. రేణువు ముందుకు జరిగినప్పుడు ఆ సిలికాన్‌ను తనతోపాటు పెరుక్కుపోతుంది. అంటే గాజు అణువుల లెక్కన ఊడి వస్తుంది, పెళ్లల లెక్కన కాదు. ఈ రంగంలో దీన్ని 'రసాయన దంతం' (కెమికల్ టూత్) అంటారు.

దీనికి రుజువు కావాలంటే నీటికి బదులు కిరోసిన్‌లో కలిపి చూడండి. యంత్రం గంటసేపు తిరిగినా గాజు దాదాపు అలాగే ఉంటుంది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను మొదటి వారం చూపించే ప్రయోగం ఇదే. నీళ్లు లేకపోతే పాలిష్ లేదనే మాట ఆ తర్వాత వాళ్లు మరిచిపోరు.

చేతితో చేసేవాళ్లకు ఈ రసాయన పట్టు చేతికే తెలుస్తుంది. తారులాంటి పిచ్ పోసిన పళ్లెం మీద గులాబీ రంగు నీళ్లు చిలకరించి దర్పణాన్ని ముందుకూ వెనక్కూ నడుపుతుంటే మొదట సులువుగా జారుతుంది. నీరు కొద్దికొద్దిగా ఆరుతున్నకొద్దీ కిందనుంచి ఎవరో మెల్లగా పట్టి లాగుతున్నట్టు చేయి బరువెక్కుతుంది. శబ్దం కూడా మారుతుంది, సన్నని సుయ్‌మనే చప్పుడు వస్తుంది. గాజు అసలు కరిగేది ఆ రెండు మూడు నిమిషాల్లోనే. ఇంకొంచెం ఆరనిస్తే రెండూ అతుక్కుపోతాయి. ఆ పట్టు వచ్చేదాకా ఆగడం, అతుక్కోకముందే మళ్లీ నీళ్లు చల్లడం, ఈ రెండూ పట్టుబడడానికి నాకు ఏడాది పట్టింది.

ఒక్క గుణం మీద ఇన్ని ఉపయోగాలు

సీరియం పరమాణు సంఖ్య 58. లాంథనైడ్లనే అరుదైన మృత్తిక లోహాల వరుసలో లాంథనం పక్కన ఉంటుంది. ఈ కుటుంబంలోని లోహాలన్నీ మామూలుగా మూడు ఎలక్ట్రాన్లను వదులుకుంటాయి, అందుకే ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీయడం అంత కష్టం. సీరియం మాత్రం మూడు వదులుకుని ఆగగలదు, నాలుగోదాన్నీ వదులుకోగలదు. నాలుగూ పోతే దాని ఎలక్ట్రాన్ల అమరిక జడవాయువైన జీనాన్‌లా స్థిరపడుతుంది. పరిస్థితిని బట్టి ఆ నాలుగో ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది, మళ్లీ పుచ్చుకుంటుంది. సీరియం ఉపయోగాల్లో చాలావాటికి మూలం ఈ ఇచ్చిపుచ్చుకోవడమే.

మీ కారునే తీసుకోండి. పెట్రోల్ కారు పొగగొట్టంలో పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక పరికరం (కెటలిటిక్ కన్వర్టర్) ఉంటుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయని చాలామందికి తెలుసు, వాటి కింద సీరియం, జిర్కోనియం ఆక్సైడ్ల పొర ఉంటుందని తెలియదు. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువైనప్పుడు సీరియం ఆ అదనపు ఆక్సిజన్‌ను తనలో దాచుకుంటుంది. ఇంధనం ఎక్కువై ఆక్సిజన్ కొరత వచ్చినప్పుడు దాచినదాన్ని వదిలి కార్బన్ మోనాక్సైడ్‌ను మండిస్తుంది. ఇంజిన్ ఈ రెండు స్థితుల మధ్య క్షణక్షణం ఊగుతూ ఉంటుంది కాబట్టి ఈ గోదాము లేకపోతే ఖరీదైన ఆ మూడు లోహాలూ సరిగ్గా పనిచేయలేవు.

గాజు తయారీలోనూ ఇదే కథ. ఇసుకలో ఏ కొంచెం ఇనుము ఉన్నా గాజుకు ఆకుపచ్చ నీలం ఛాయ వస్తుంది. కొద్దిగా సీరియం కలిపితే అది ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఆ ఛాయను దాదాపు కనిపించని లేత పసుపుకు మార్చేస్తుంది. ఉపగ్రహాల సౌరఫలకాల పైన కప్పే పలుచని గాజులో కూడా సీరియం కలుపుతారు. అంతరిక్షంలోని రేడియేషన్ తగిలితే మామూలు గాజు గోధుమ రంగుకు తిరిగి మసకబారుతుంది. సీరియం ఉన్న గాజు తేటగా నిలుస్తుంది. అణు పరిశోధన కేంద్రాల్లో రేడియోధార్మిక పదార్థాలను చూసే మందపాటి కిటికీ గాజుల్లోనూ ఈ కారణంతోనే వాడతారు.

ఇంటర్ లేదా డిగ్రీ రసాయన ప్రయోగశాలలో సీరిక్ సల్ఫేట్‌తో ఇనుము ఎంత ఉందో అంశమాపనం (టైట్రేషన్) చేసినవాళ్లు మీలో ఉంటారు. అక్కడా ఇదే గుణం. రష్యా శాస్త్రవేత్త బెలౌసోవ్ 1950ల మొదట్లో సీరియంతో చేసిన ఒక మిశ్రమం పసుపు రంగుకు మారి, రంగు పోయి, మళ్లీ పసుపై, గడియారంలా ఊగుతూ ఉండడం గమనించాడు. రసాయన చర్య అలా వెనక్కూ ముందుకూ ఊగడం అసాధ్యమని అప్పట్లో పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పిపంపాయి. ఆయన చూసింది నిజమని తర్వాత తేలింది. రసాయన శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం అది. వీలైతే మీ ఊరి కళాశాలలో ఎవరినైనా అడిగి చూడండి.

సీరియం లేని ఇల్లు ఇప్పుడు లేదనే అనాలి. పాడైపోయిన ఎల్ఈడీ బల్బు ఉంటే ప్లగ్గు నుంచి తీసేసి, పైనున్న తెల్లని గిన్నె ఊడదీసి చూడండి. లోపల చిన్న చిన్న పసుపు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల కింద ఉన్న ఎల్ఈడీ ఇచ్చేది నీలం వెలుగు. పైనున్న పసుపు పదార్థం యిట్రియం, అల్యూమినియం ఆక్సైడ్ల స్ఫటికం, అందులో కొద్దిగా సీరియం ఉంటుంది. నీలం వెలుగులో కొంత సీరియం మింగి పసుపు వెలుగుగా వదులుతుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిసి మన కంటికి తెలుపుగా కనబడతాయి.

దానికి వందేళ్ల ముందు కూడా సీరియం వెలుగే ఇచ్చింది. పెట్రోమాక్స్ లైట్లు గుర్తున్నవాళ్లకు మాంటిల్ కూడా గుర్తుంటుంది. కొత్త మాంటిల్ కట్టి మొదటిసారి ముట్టిస్తే బట్ట కాలిపోయి తెల్లని బూడిద వల మిగులుతుంది, వేలు తగిలితే రాలిపోయేంత పెళుసు. ఊరేగింపులో, వీధి నాటకంలో కళ్లు మిరుమిట్లు గొలిపిన వెలుగు ఆ బూడిదది. అందులో 99 పాళ్లు థోరియం ఆక్సైడ్, 1 పాలు సీరియం ఆక్సైడ్. ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891లో ఈ పాళ్లను స్థిరపరిచాడు. ఆ ఒక్క పాలు తీసేస్తే వెలుగు మందగిస్తుంది, ఎక్కువ కలిపినా మందగిస్తుంది. సిగరెట్ లైటర్‌లో నిప్పురవ్వలు చిమ్మే చిన్న 'రాయి' కూడా ఆయన కనిపెట్టినదే. అది రాయి కాదు, సీరియం ఎక్కువగా ఉన్న లోహ మిశ్రమానికి ఇనుము కలిపి చేసిన ముక్క.

శుద్ధమైన సీరియం లోహాన్ని నేను ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాను. ఒక పరిశోధనశాలలో నూనెలో ముంచి ఉంచారు. పైకి తీసి చాకుతో అంచు చెక్కితే ఇనుము లాంటి బూడిద రంగు తళతళ, చెక్కు లేచిన చోటల్లా చిటపటమని రవ్వలు. మాట్లాడుకుంటూ ఉండగానే మెరుపు మాసి పసుపు ఛాయలోకి తిరగడం మొదలైంది. ఈ లోహపు పొడి అంటుకుంటే నీళ్లు పోయకూడదు, నీటితో చర్య జరిగి హైడ్రోజన్ వెలువడుతుంది. పొడి ఇసుకతో కప్పాలి. మీ దగ్గరున్నది లోహం కాదు, ఇప్పటికే పూర్తిగా ఆక్సిజన్‌తో కలిసిన ఆక్సైడ్. అది మండదు, నీళ్లలో కలిపినా ఏమీ కాదు.

అరుదైనదన్న పేరు ఎలా వచ్చింది

1803లో స్వీడన్‌లో బెర్జీలియస్, హిసింగర్ అనే రసాయనవేత్తలు కలిసి ఒక బరువైన ఖనిజంలో ఈ మూలకం ఆక్సైడ్‌ను గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో క్లాప్రోత్ విడిగా గుర్తించాడు. అంతకు రెండేళ్ల ముందే కనిపెట్టిన సీరిస్ అనే గ్రహశకలం పేరు దీనికి పెట్టారు. ఆ రోజుల్లో నీటిలో కరగని, కొలిమి వేడికి చలించని ఆక్సైడ్లను మృత్తికలు అనేవారు. ఇలాంటి ఖనిజాలు అప్పటికి ఒకటి రెండు చోట్లే దొరికాయి కాబట్టి అరుదైన మృత్తికలయ్యాయి. ఆ పేరు అలా నిలిచిపోయింది.

లెక్క చూస్తే భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. సీసం, తగరం కంటే ఎక్కువ. అయితే రాగిలా ఒకచోట గనిగా పోగుపడడం తక్కువ. దొరికిన చోట తోబుట్టువులతో కలగలిసి దొరుకుతుంది. ఆ కలగలుపులో ఇంచుమించు సగం సీరియమే. పైగా నాలుగో ఎలక్ట్రాన్ వదులుకునే గుణం వల్ల మిగతావాటి నుంచి దీన్ని వేరుచేయడం కుటుంబంలో అన్నిటికంటే తేలిక.

ఇప్పుడు ధర సంగతి తేలికగా అర్థమవుతుంది. ప్రపంచానికి కావలసింది అయస్కాంతాల కోసం నియోడిమియం, సీరియంకు తోబుట్టువైన లోహం. దాని కోసం టన్నుల కొద్దీ ఖనిజం తవ్వితే, అడగకపోయినా అంతకు రెండు మూడు రెట్ల సీరియం వచ్చి పడుతుంది. అది అమ్ముడుపోవాలి. అందుకే చవక.

ఎప్పుడూ ఇలాగే ఉండలేదు. 2010లో చైనా ఎగుమతి పరిమితులను బిగించింది. కిలో 10 డాలర్ల లోపు ఉన్న సీరియం ఆక్సైడ్ 2011లో 100 డాలర్లు దాటింది. ఆ ఏడాది మా వర్క్‌షాప్‌లో నేల మీద ఒలికిన గులాబీ నీళ్లను కూడా స్పాంజితో ఒత్తి బకెట్‌లోకి తీశాం. తొట్లలో వాడిన నీటిని రాత్రంతా కదపకుండా ఉంచి, పైనున్న నీటిని వంచేసి, అడుగున దిగిన ముద్దను సన్నని జల్లెడ బట్టలో వడకట్టి మళ్లీ వాడాం. వాడిన పొడి కొంచెం నెమ్మదిగా పనిచేస్తుంది గానీ పని జరుగుతుంది. ధర దిగివచ్చాక చాలా వర్క్‌షాపులు ఆ అలవాటు మానేశాయి. మేం మానలేదు. ఒకే దేశం మీద ఇంతగా ఆధారపడిన సరుకును పారబోయడం నాకు మనసొప్పదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మృత్తికల ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. వాటిలో సీరియం లేదు. అందుకే ఈసారి మా పనికి ఇబ్బంది రాలేదు.

మన తీరం సంగతి కూడా చెప్పాలి. సీరియం ఉండే మోనజైట్ ఖనిజం మన సముద్రతీరపు ఇసుకలో ఉంది. 1909లో షాంబెర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో దాన్ని గుర్తించాడు. మాంటిళ్ల కోసం థోరియం అందరికీ కావలసిన కాలం అది, వెంటనే ఆ ఇసుకకు గిరాకీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ ఏర్పడింది, కేరళలోని ఆలువాలో మోనజైట్‌ను శుద్ధిచేసే కర్మాగారం 1952లో మొదలైంది. దేశంలోని మోనజైట్ నిల్వల అంచనాల్లో రాష్ట్రాల వారీగా పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ తీరానిది. భీమిలి ఒడ్డున అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లని చారలు కనిపిస్తాయి. ఆ నలుపు చాలావరకు ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజానిది. మోనజైట్ తేనె రంగు సన్నని గింజలుగా అందులో అక్కడక్కడా ఉంటుంది. భూతద్దంలో చూసి ఆనందించండి, ఇంటికి మాత్రం మోసుకురాకండి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది అణుశక్తి చట్టం పరిధిలోని పదార్థం.

మీ రేడియోధార్మికత భయానికి మూలం కూడా ఇక్కడే ఉందనుకుంటాను. మోనజైట్‌కు రేడియోధార్మికత ఉంది, థోరియం వల్ల. శుద్ధి చేసేటప్పుడు థోరియంను విడదీస్తారు. ప్రకృతిలో దొరికే సీరియం మాత్రం స్థిరమైనది. పాత మాంటిళ్లకున్న స్వల్ప రేడియోధార్మికత కూడా థోరియందే, సీరియంది కాదు.

మీ పొడి అసలుదో కాదో చూసుకోవడం

శుద్ధ సీరియం ఆక్సైడ్ లేత పసుపు కలిసిన తెలుపు. పాలిష్‌కు అమ్మేది గులాబీ లేదా లేత ఇటుక రంగులో ఉంటే అందులో ప్రాసియోడిమియం అనే తోబుట్టువు లోహం కొద్దిగా మిగిలి ఉందని అర్థం, అది లోపం కాదు. మరీ ముదురు ఎరుపైతే అనుమానించండి, అది ఇనుప ఆక్సైడ్ కావచ్చు. పాతకాలంలో కటకాలకు వాడిన రూజ్ అదే. అది కూడా పాలిష్ చేస్తుంది గానీ చాలా నెమ్మది. నాకు పని నేర్పిన మేస్త్రిగారు రూజ్ కాలం మనిషి. ఆయన పాత చొక్కాల మణికట్టులు ఉతికి ఉతికి చిరిగినా ఎరుపు పోలేదు.

చెంచాడు పొడి మీద నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే సుద్ద కలిపారు. చేతిలో తూచినా తెలుస్తుంది. సీరియం ఆక్సైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 7 గ్రాములకు పైనే, చిన్న పొట్లం కూడా అనుకున్న దానికంటే బరువుగా ఉంటుంది. చివరగా పాత ఫొటో ఫ్రేము గాజు ముక్క మీద తడిబట్టతో పది నిమిషాలు రుద్ది, కడిగి, చీకట్లో టార్చి వెలుగులో చూడండి. కొత్త గీతలు కనబడితే ఆ పొట్లాన్ని కారు దగ్గరకు తీసుకెళ్లకండి. ఒక్క ముతక గింజ చాలు. మా దగ్గర ఒక కుర్రాడు గరుకు దశలో వాడిన ఆప్రాన్‌తోనే పాలిష్ బల్ల దగ్గరకు వచ్చాడు. 150 మిల్లీమీటర్ల దర్పణం, మూడు రోజుల పని. మధ్యలో వంకీ తిరిగిన ఒక్క గీత. మళ్లీ గరుకు దశ నుంచి మొదలుపెట్టాం.

ఇక అద్దం పని

అద్దాన్ని బాగా కడిగి ఆరబెట్టి గోరును గీతకు అడ్డంగా నెమ్మదిగా లాగండి. గోరు ఆగితే ఆ గీత లోతు పదుల మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మా యంత్రాల మీద పిచ్ పళ్లెంతో గంటకు పోయేది కొన్ని మైక్రాన్లే. అంత లోతు గీతను పోగొట్టాలంటే అక్కడ గుంట పడుతుంది. గుంట పడిన గాజు కటకంలా పనిచేసి అవతలి దృశ్యాన్ని వంచుతుంది. నడిపేవారి కళ్లకు ఎదురుగా అలాంటి వంపు ఉంటే గీత కంటే ఎక్కువ ప్రమాదం. అలాంటప్పుడు అద్దం మార్చడమే సరైన పని.

గోరు ఆగకపోతే మొదలుపెట్టండి. గీతలున్న చోటును లోపలివైపు నుంచి టేపుతో గుర్తు పెట్టుకోండి. చుట్టూ పెయింటు మీద, వైపర్ల కింద ఉన్న జాలీ మీద ప్లాస్టిక్ షీటు కప్పండి. పొడిని నీళ్లలో చిక్కటి మజ్జిగలా కలపండి. వేగం తగ్గించుకోగల యంత్రానికి ఫెల్ట్ ప్యాడ్ బిగించి నిమిషానికి 1000 చుట్ల దగ్గర నడపండి. ఇనుము కోసే గ్రైండర్ వాడకండి, దాని వేగానికి గాజు క్షణాల్లో వేడెక్కి పాడవుతుంది. ఒకేచోట ఆపకుండా గీత కంటే వెడల్పుగా తిప్పుతూ ఉండాలి. నీళ్లు చిమ్ముతూ ఉండాలి. ప్రతి నిమిషానికీ చేతి వెనుకవైపుతో గాజును తాకి చూడండి. గోరువెచ్చన ఫరవాలేదు, వేడి తగిలితే ఆపి చల్లారనివ్వండి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. ఒక చుక్క దగ్గర వేడెక్కితే చటుక్కున పగులుతుంది. ఇప్పటికే అంచులో చిన్న పగులు ఉంటే అసలు మొదలుపెట్టకండి. ఎండలో నిలిపిన కారు మీద కూడా చేయవద్దు.

పది నిమిషాలకోసారి తుడిచి చూడండి. లోపల కూర్చుని దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని అద్దంలోంచి చూస్తూ తలను పక్కలకు కదపండి. స్తంభం వంకర తిరుగుతున్నట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయండి, గీత మిగిలి ఉన్నా సరే. పని అయ్యాక కొత్త వైపర్ రబ్బర్లు వేయించండి. పాతవాటిలో ఇరుక్కున్న ఇసుకే ఆ గీతలకు కారణమై ఉంటుంది.

దుమ్ము విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. సీరియం ఆక్సైడ్ ఒంటికి అంటితే హాని లేదు, కడుక్కుంటే పోతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన పొడి మాత్రం అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఈ దుమ్ములో పనిచేసినవాళ్లలో ఊపిరితిత్తుల జబ్బు వచ్చినట్టు వైద్యులు నమోదు చేశారు. పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఆరిపోయిన మరకలను చీపురుతో ఊడ్వకండి, తడిబట్టతో తుడవండి.

ఈ పొడితో కానివి కూడా ఉన్నాయి. కారు హెడ్‌లైట్ల పసుపుదనం దీనితో పోదు. ఇప్పటి హెడ్‌లైట్ కవర్లు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌వి, సీరియం పట్టుకోవడానికి వాటిలో సిలికాన్ అల్లిక లేదు. ప్లాస్టిక్ కళ్లద్దాలకూ ఇది పనికిరాదు. పూత ఉన్న ఏ కటకాన్నీ దీనితో తాకకండి, పూత లేచిపోతుంది. మామూలు గాజు ఉన్న చేతి గడియారానికి బాగా పనిచేస్తుంది, నీలమణి గాజు గడియారానికి పనిచేయదు.

బోరు నీళ్ల మరకల గురించి మీరు అడగలేదు గానీ, ఇది మన ఊళ్లలో చాలామందికి ఉన్న బాధ. కారు కడిగి ఆరబెడితే అద్దం మీద తెల్లని చుక్కలు, స్నానాల గది గాజు తలుపు మీద మబ్బులాంటి పొర. ముందు వెనిగర్‌తో తడిపిన బట్టను పదిహేను నిమిషాలు కప్పి ఉంచి కడగండి. పైన పేరుకున్న సున్నమైతే దానితోనే పోతుంది. అయినా చుక్క మిగిలితే ఆ మరక గాజునే తినేసిందని అర్థం, అప్పుడు సీరియం తీయండి. మా ఇంటి స్నానాల గది తలుపును చేతితోనే, ఫెల్ట్ ముక్కతో, రెండు సాయంత్రాలు కూర్చుని చేశాను. యంత్రం అక్కర్లేదు.

మిగిలిన పొడిని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన పేరు రాసి, ఇసుక, గరుకు కాగితం ఉన్న అరలో కాకుండా విడిగా దాచండి. కలిపిన నీళ్లు మిగిలితే కాలువలో పోయకుండా గిన్నెలో దిగనివ్వండి. పైనీరు వంచేస్తే అడుగున మిగిలిన ముద్ద ఎండినా చెడిపోదు, మళ్లీ నీళ్లు పోసి బాగా కలిపి, పలుచని బట్టలో వడకట్టి వాడుకోవచ్చు. గోరు పరీక్షలో ఏం తేలిందో రాయండి. వీలైతే చీకట్లో టార్చిని పక్కనుంచి పట్టి తీసిన ఫొటో పెట్టండి, గీత లోతు దాన్లో నాకు చాలావరకు తెలుస్తుంది.